ఈ ఛెక్ ఇస్సొయో? – ఈ పుస్తకం ఉందండీ?



వార్షికోత్సవ సంచికకు పనికొచ్చేది ఏదైనా రాయమన్నారు. క్రమశిక్షణ గురించి, కాలం విలువ గురించి ఎలాగూ నాలుగైదు వ్యాసాలు వస్తాయి. అందుకని మేము కొరియన్ భాషలో కొన్ని మాటలు రాస్తున్నాం. అవి కూడా గ్రంథాలయంలో వాడుకొనే మాటలు. ధరణికోటలో కూర్చున్నవాళ్లకు కొరియా గ్రంథాలయంతో పనేమిటని నవ్వకండి. 2017లో కియా కంపెనీ పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకి ఒప్పందం చేసుకున్నప్పటి నుంచి మన రాష్ట్రంలో కొరియన్ వచ్చినవాళ్లకు గిరాకీ ఉంది. 2020 జాతీయ విద్యా విధానంలో బడుల్లో నేర్పదగిన విదేశీ భాషల్లో దాని పేరూ చేర్చారు. కొరియా ప్రభుత్వ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు, విమానం టికెట్టు, నెల ఖర్చు, మొదటి ఏడాది భాష నేర్పించడం అన్నీ వాళ్లే చూసుకుంటారు. మాలో కొందరం ఆ దారినే వెళ్లాం.

ముందు అక్షరాల సంగతి. వాళ్ల లిపిని హంగుల్ అంటారు. సెజోంగ్ అనే రాజు 1446లో దాన్ని ప్రజలకు ప్రకటించాడు. అంతకుముందు చదువంటే చైనా లిపే. వేల గుర్తులు నేర్చుకొనే తీరిక సామాన్యుడికి ఎక్కడిది? అందుకని మామూలు జనం కోసం సులువైన అక్షరాలు చేయించాడు. ఆస్థాన పండితులు కొందరు వద్దని అర్జీ పెట్టారు. అందరికీ అక్షరం వస్తుందంటే గిట్టనివాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారన్నమాట. ఇప్పుడు మూలాక్షరాలు 24. మన గుణింతాలు నేర్చినవాడికి వారం చాలు.

ఇక మాటలు. మేము పొట్టి 'ఒ' రాసినచోట నోరు కాస్త ఎక్కువ తెరిచి, 'అ'కు దగ్గరగా పలకండి. గ్రంథాలయాన్ని తోసొగ్వాన్ అంటారు, పుస్తకాన్ని ఛెక్ అంటారు. "ఈ ఛెక్ ఇస్సొయో?" అంటే "ఈ పుస్తకం ఉందండీ?" అని. ఒక్కో మాటా పక్కపక్కన పెట్టి చూడండి. ఈ అంటే ఈ. ఛెక్ అంటే పుస్తకం. ఇస్సొ అంటే ఉంది. చివరి 'యో' మన 'అండి'. ఇంగ్లీషులో మనల్ని తిప్పలు పెట్టే తలకిందుల వరుస ఇందులో లేదు, క్రియ మనకు లాగే చివర వస్తుంది. "ఒంజెక్కాజి?" అంటే "ఎప్పటిదాకా?". 'ఒంజె' ఎప్పుడు, 'క్కాజి' దాకా. పుస్తకం ఎప్పటిలోగా తిరిగివ్వాలో అడగడానికి ఈ ఒక్క ముక్కకు 'యో' తగిలిస్తే చాలు. పుస్తకం అరువు తీసుకోవాలంటే "ఛెగుల్ బిల్లిగో షిపొయో". అరలో వెతికి వెతికి దొరక్కపోతే "ఛజా జుసెయో". ఇది మాకు బాగా నచ్చిన మాట. 'ఛజా' అంటే వెతికి, 'జుసెయో' అంటే ఇవ్వండి. వెతికి ఇవ్వండి! ఇంగ్లీషు మాస్టారు ఎంత చెప్పినా ఇంత తేలిగ్గా ఎక్కలేదు.

ఈ పోలికలు చూసి హల్బర్ట్ అనే అమెరికన్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొరియన్, ద్రావిడ భాషలు చుట్టాలని ఒక పుస్తకమే రాశాడు. ఇప్పటి భాషా పండితులు ఒప్పుకోరు. చుట్టరికం లేకపోతేనేం, నేర్చుకొనేవాడికి లాభమే కదా.

అసలు మేము చెప్పాలనుకున్నది ఆ 'యో' గురించి. మాలో చాలామందిమి మొదటిసారి ఒక గ్రంథాలయం గడప తొక్కినప్పుడు విన్న మాట "ఎవర్రా మీరు?". ఏ ఊరు, ఎవరు అన్నది ఇక్కడ అనవసరం. హాస్టల్ పిల్లలమని చెప్పగానే పేపర్లు చూసి వెళ్లండి, బీరువాల జోలికి రావద్దు అన్నారు. కార్డు కావాలంటే డిపాజిట్ డబ్బు, పూచీకి పెద్దమనిషి సంతకం కావాలి. మా నాన్నలకు తెలిసిన పెద్దమనుషులెవరు? ఈ జిల్లాల్లోనే 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊరూరికీ తిప్పారు. పుస్తకమే మనిషి దగ్గరికి వచ్చిన చోట, మనిషి పుస్తకం దగ్గరికి వెళ్తే "ఎవర్రా" అనిపించుకోవలసి వచ్చింది.

కొరియన్‌లో 'యో' తీసేసి మాట్లాడే మాటకు ఒక పేరుంది. పన్మల్. పన్ అంటే సగం, మల్ అంటే మాట. సగం మాట. స్నేహితులు, చిన్నపిల్లలు, ఇంట్లోవాళ్ల మధ్య అది ముద్దే. ముక్కూమొహం తెలియని పెద్దవాణ్ని అలా పలకరిస్తే మాత్రం అవమానం. ఆ పేరు విన్న రోజు మేము చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం. మనకు ఇన్నేళ్లూ దక్కింది సగం మాటే కదా అనిపించింది. కొరియా ఏదో స్వర్గమని చెప్పడం లేదు. అక్కడి ఫ్యాక్టరీల్లో వలస కూలీలను పన్మల్‌తో అదిలించేవాళ్లున్నారు. కానీ గ్రంథాలయం బల్ల దగ్గర మాకు ఆ మాట ఎదురుకాలేదు. అక్కడ ఉద్యోగిని "సొన్సెంగ్నిమ్" అని పిలవాలి. మాస్టారు గారూ అన్నట్టు. 'నిమ్' అంటే గారు. ఆయనా మనతో 'యో' పెట్టే మాట్లాడతాడు.

విదేశీయుల గుర్తింపు కార్డు చూపిస్తే సభ్యత్వం ఇస్తారు, డిపాజిట్ అడగరు. చాలా గ్రంథాలయాలకు సోమవారం సెలవు, మనకు శుక్రవారం ఉన్నట్టు. చదువుకొనే గదిని యొల్లమ్షిల్ అంటారు. పరీక్షలకు కూర్చున్న కుర్రాళ్లతో కిటకిటలాడుతుంది. గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివేవాళ్లతో నిండిన మన గ్రంథాలయాలు గుర్తొచ్చాయి. ఖాళీ కుర్చీ కనిపిస్తే పక్కవాళ్లను అడగాలి: "యొగి అంజాదో ద్వెయో?" ఇక్కడ కూర్చున్నా ఫర్వాలేదాండీ? ఈ వాక్యం మేము నోటికి వచ్చేదాకా వంద సార్లు అనుకొని ఉంటాం. జవాబు రెండు ముక్కల్లో వచ్చింది. "నే, అంజుసెయో." ఆఁ, కూర్చోండి. అడిగినామె తల ఎత్తి కూడా చూడలేదు, తన పుస్తకం తాను చదువుకుంటోంది. అలా చూడకపోవడమే మాకు ఎంతో హాయిగా అనిపించింది.

అంబేడ్కర్ గారు బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్న సంగతి మనందరికీ తెలుసు. అదే మనిషి లండన్ వెళ్లి బ్రిటిష్ మ్యూజియం చదువుగదిలో కుర్చీ వేసుకొని చదివారు. మన అమరావతి స్తూపం శిల్పాలు 1880 నుంచి ఆ మ్యూజియంలోనే ఉన్నాయి. ఆయన వాటిని చూశారో లేదో కానీ, ఒకే కప్పు కింద ఉన్నారన్నది మాకు సంతోషం.

మేము కొరియాలో అడిగిన మొదటి పుస్తకం కూడా మన ఊరి వాసన ఉన్నదే. ధరణికోట అంటే పాత ధాన్యకటకం. ఆచార్య నాగార్జునుడు ఇక్కడ ఉన్నాడని, స్తూపానికి ప్రాకారం కట్టించాడని టిబెట్ గ్రంథాలు చెబుతాయి. కొరియన్లు ఆయన్ను యోంగ్సు అంటారు. యోంగ్ అంటే నాగం లాంటి డ్రాగన్, సు అంటే చెట్టు. ఎనిమిదో శతాబ్దంలో హ్యెచో అనే కొరియా భిక్షువు మన దేశమంతా తిరిగి, దక్షిణాన కొండల్లో నాగార్జునుడు యక్షులతో కట్టించిన పెద్ద విహారం ఉందని రాసుకున్నాడు. ఆయన దారి అడగడానికి ఏ భాషలో ఏ పది మాటలు నేర్చుకున్నాడో! అక్కడి హేఇన్సా గుడిలో ఎనభై వేలకు పైగా చెక్క పలకల మీద చెక్కిన బౌద్ధ గ్రంథాలున్నాయి. పదమూడో శతాబ్దం నాటివి. నాగార్జునుడి మధ్యమక కారిక చైనా అనువాదంలో వాటిలో ఉంది. కొరియన్‌లో ఆ పుస్తకం పేరు చుంగ్నోన్.

"యోంగ్సుఎ చుంగ్నోన్ ఇస్సొయో?" అని అడిగాం. సొన్సెంగ్నిమ్ కంప్యూటర్‌లో చూసి, ఒక చీటీ మీద అంకె రాసి ఇచ్చారు. వాళ్ల వర్గీకరణలో బౌద్ధం 220. మీలో ఎవరైనా వెళ్తే ఆ అర దగ్గర చూడండి, దొరక్కపోతే "ఛజా జుసెయో" అనండి.