పడవ మోటారుకు కరెంటు ఎక్కడిది?

పిల్లలూ! తెనాలి పేరు మీరు వినే ఉంటారు. ఊళ్ళోనుంచి మూడు కాలువలు పారుతాయి. ఆంధ్రా పారిస్ అని దానికి ముద్దుపేరు కూడా ఉన్నది. అక్కడినుంచి సముద్రంవైపు పోవటానికి రెండు రైలుదారులున్నాయి. ఒకటి బాపట్ల మీదుగా చెన్నై వెళ్ళే పెద్ద లైను, రెండోది 1916లో వేసిన రేపల్లె లైను.

ముందు రేపల్లె బండి ఎక్కుదాం. దారి పొడుగునా వరిచేలే. రేపల్లె చేరేసరికి పట్టాలు అయిపోతాయి. అక్కడినుంచి బస్సులో దక్షిణంగా పోతే నిజాంపట్నం రేవు వస్తుంది. ఇది చాలా పాత రేవు. 1606లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడికి వర్తకానికి వచ్చారు. వాళ్ళు దీన్ని పెటపోలి అనేవారు. వాళ్ళ ఓడలు తెరచాపలతో నడిచేవి. గాలి పడిపోతే ఓడ కూడా ఆగిపోవలసిందే.

ఇప్పుడు ఆ బాధ లేదు. పెద్ద మరపడవకు ఇంజను లోపలే ఉంటుంది. చిన్న పడవకైతే వెనక అంచున మోటారును బయటికి తగిలించవచ్చు. దాన్ని అవుట్‌బోర్డు మోటారంటారు. అమెరికాలో స్థిరపడిన నార్వేవాడు ఓలె ఎవిన్‌రూడ్ 1909లో ఇలాంటివాటిని అమ్మటం మొదలుపెట్టాడు. అంతకుముందు అతను ఒకసారి ఐస్‌క్రీం కోసం చెరువుకు అడ్డంగా తెడ్డు వేసుకుంటూ పోయి వచ్చేసరికి అది కాస్తా కరిగిపోయిందట. మోటారు ఆలోచన అప్పుడే పుట్టిందని చెబుతారు.

మోటారు పడవను తోయటమేకాక బ్యాటరీని కూడా నింపుతుంది. ఎలాగంటారా? మీ తాతగారి పాత సైకిలుకు డైనమో ఉండేదేమో అడగండి. చక్రం తిరిగితే డైనమోలోని అయస్కాంతం తిరుగుతుంది, దాని పక్కనున్న తీగచుట్టలో కరెంటు పుడుతుంది, దీపం వెలుగుతుంది. ఈ రహస్యాన్ని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. పడవ మోటారులోనూ ఇదే జరుగుతుంది. పైమూత కింద ఫ్లైవీలు అనే బరువైన చక్రం ఉన్నది. దాని లోపలి అంచుకు అయస్కాంతాలు, వాటి మధ్య కదలకుండా తీగచుట్టలు ఉంటాయి.

కాని సైకిలు ఆగితే దీపం కూడా ఆరిపోతుంది గదా! అందుకనే పడవలో బ్యాటరీ ఉండాలి. ఇక్కడ ఒక చిక్కున్నది. తీగచుట్టలో పుట్టిన కరెంటు క్షణానికి ఎన్నోసార్లు దిక్కు మార్చుకుంటూ ఉంటుంది. బ్యాటరీకి ఒకే దిక్కున పారే కరెంటు కావాలి. ఈ మార్పు చేసేది రెక్టిఫయరు. సైకిలు ట్యూబు వాల్వు గాలిని లోపలికి పోనిచ్చి బయటికి రానివ్వదు చూశారా, రెక్టిఫయరులోని డయోడ్లూ అలాంటివే.

పాత మోటారుతో వచ్చే అసలు ప్రమాదం ఇప్పుడు చెబుతాను. వీటిలో చాలావాటికి ఇంజను నడవటానికి కావలసిన నిప్పురవ్వ వేరే తీగచుట్టనుంచి వస్తుంది. బ్యాటరీ నిండటం మానేసినా ఇంజను మాత్రం హాయిగా నడుస్తూనే ఉంటుంది. పగలంతా ఎవరికీ అనుమానం రాదు. చీకటి పడ్డాక దీపం గుడ్డిదవుతుంది, తరువాత రేడియో మూగబోతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. తుపాను వస్తున్నదంటే రేవులో ప్రమాద సూచికలు ఎగరవేస్తారు. కాని అవి ఒడ్డున ఉన్నవారికే కనిపిస్తాయి. నడిసముద్రంలో ఉన్నవాడికి కబురు తెలియాలంటే రేడియో పలకాలి!

బ్యాటరీ నిండకపోతే చాలామంది ముందు బ్యాటరీనే తిట్టి కొత్తది కొంటారు. తెలిసిన మెకానిక్కు అలా చెయ్యడు. ముందు బ్యాటరీ కొసలు చూస్తాడు. ఉప్పుగాలికి అక్కడ తెల్లగానో పచ్చగానో చిలుము పడుతుంది. దాన్ని గోకి, తీగలు బిగించి, ఫ్యూజు చూసి, ఆ తరువాత మీటరు పెడతాడు. ఇంజను ఆగివున్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇంజను వేగం పెంచితే అది 13 దాటి 14 దాకా పోవాలి. కదలకుండా అక్కడే ఉంటే కరెంటు రావటం లేదన్నమాట. అన్నట్టు, ఒడ్డున ఉత్తగాలిలో మోటారు తిప్పకూడదు. లోపల నీళ్ళు తోడే రబ్బరు రెక్కలు కాలిపోతాయి. మోటారు కాలును నీళ్ళ డ్రమ్ములో ముంచి తిప్పాలి.

అప్పుడు ఇంజను ఆపి, బ్యాటరీ తీగలు ఊడదీసి, రెక్టిఫయరును పరీక్షిస్తారు. ఒక్కొక్క డయోడులో కరెంటు ఒకవైపే పోవాలి. రెండువైపులా పోయినా, అసలు పోకపోయినా అది చెడినట్టే. బ్యాటరీ తీగలు తారుమారు చేసి ఒక్క క్షణం తగిలించినా చాలు, డయోడ్లు మాడిపోతాయి. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ తీగ ఊడదీసినా ముప్పే. రెక్టిఫయరు బాగానే ఉంటే తీగచుట్టల్లో ఎక్కడైనా తెగిందేమో చూస్తారు. అయస్కాంతం పాడవటం బహు అరుదు.

కరెంటు మరీ ఎక్కువ రావటం కూడా మంచిది కాదు. కొన్ని పాత మోటార్లకు దాన్ని అదుపుచేసే రెగ్యులేటరు లేదు. రోజంతా వేగంగా పోతే బ్యాటరీలో నీళ్ళు ఇగిరిపోతాయి. నిండే బ్యాటరీనుంచి మండే వాయువు వస్తుంది గనుక దగ్గర అగ్గిపుల్ల గీయరాదు. ఇది చదివి మీ నాన్నగారి మోటారు విప్పబోయేరు సుమా! పక్కన నిలబడి చూడండి, చాలు.

తెనాలి తిరిగివచ్చి రెండో దారిన బాపట్లలో దిగితే, అక్కడికి సుమారు 9 కిలోమీటర్లలో సూర్యలంక ఒడ్డున్నది. రాత్రివేళ అక్కడినుంచి దూరపు పడవల దీపాలు కనబడవచ్చు. నడిచే మరపడవకు ఎడమవైపు ఎర్రదీపం, కుడివైపు ఆకుపచ్చ దీపం పెట్టాలని నిబంధన. ఒట్టి ఎర్రదీపమే కనిపిస్తే పడవ మీకు ఎడమపక్క చూపిస్తున్నది. రెండూ ఒక్కసారే కనిపిస్తే అది మీవైపే వస్తున్నదన్నమాట.