తోలు వాషరు

మా పెదనాన్నగారి గాలితుపాకి మొన్న వేసవిలో నా చేతికి వచ్చింది. వచ్చింది అనడంకంటే, పశువులశాల అటకమీద గోనెసంచిలో చుట్టి పడివున్న దాన్ని నేనే అడిగి తెచ్చుకున్నాననడం సత్యానికి దగ్గర. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, ఉద్దానంలో కొబ్బరిచెట్లతో పాటు మా ఊళ్ళో పెంకుటిళ్ళ కప్పులు కూడా లేచిపోయాయి. పెదనాన్నగారి ఇల్లు వాటిలో ఒకటి. తడిసినవి తడవగా మిగిలిన సామానంతా శాలలోకి చేరింది. కర్రకు చెద పట్టలేదు గాని, ఇనుమంతా తుప్పుతో ఎర్రబారింది.

పెదనాన్నగారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా ప్రాంతంనుంచి ఖరగ్‌పూర్ వెళ్ళి స్థిరపడినవాళ్ళు లేని ఊరు అరుదు. ఆయన మాత్రం పదవీ విరమణ చేసి తిరిగొచ్చారు, వచ్చేటప్పుడు ఒక ట్రంకుపెట్టె, ఈ తుపాకి తెచ్చారు. కలకత్తాలో కొన్నారట. జర్మనీలో రాష్టాట్ అనే ఊళ్ళో తయారైన డయానా 27. డయానా అంటే రోమనుల వేటదేవత. ఆ కంపెనీ ముద్రలో ఆవిడ విల్లమ్ములు కింద పారేసి తుపాకిని తలపైకి ఎత్తి పట్టుకుని ఉంటుంది. చిన్నప్పుడు ఆ బొమ్మను మా గ్రామదేవత అనుకునేవాణ్ణి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ పేరూ యంత్రాలూ కూడా స్కాట్లండులోని ఒక కంపెనీకి పోయాయనీ, బ్రిటన్‌లో మాత్రం 1984లో గాని జర్మనీవాళ్ళకు తమ దేవత తిరిగి దక్కలేదనీ చాలా ఏళ్ళ తర్వాత చదివాను. సిలిండరు మీద తుప్పు గీకితే చిన్న అక్షరాల్లో నెల, సంవత్సరం బయటపడ్డాయి: 1964 మార్చి.

ఈ తుపాకిని నేనెందుకు అడిగి తెచ్చుకున్నానో చెప్పాలి.

1985 వేసవి. నాకు పదకొండేళ్ళు. మధ్యాహ్నం ఇంట్లో అందరూ నిద్రపోతున్న వేళ, గోడకు తగిలించిన తుపాకిని దించుకుని పనసచెట్ల కిందికి పోయాను. సీసపు గుళ్ళ డబ్బా ట్రంకుపెట్టెలో, దాని తాళంచెవి పెదనాన్నగారి మొలతాడుకు. అందుచేత గుండు లేకుండానే గొట్టం మడిచి, కడుపుకు ఆనించి బిగించి, పనసకాయలకు గురిపెట్టి ఇరవైసార్లో ముప్పైసార్లో పేల్చాను. చివరి నాలుగైదుసార్లూ ధ్వని మారింది. అంతవరకూ ‘ఠప్’ మన్నది, ‘ఫుస్’ మంది. భయంతో యథాస్థానంలో తగిలించి వచ్చేశాను.

ఆ సాయంత్రం పెదనాన్నగారు కొబ్బరిచిప్పకు గురిపెట్టి పేలిస్తే గుండు నాలుగు గజాల్లో ఇసకలో పడింది. ఎవరు ముట్టారని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. ఆయన పెద్దకొడుకును, మా అన్నయ్యను, పట్టుకుని తాటిమట్టతో కొట్టారు. పెద్దమ్మ అడ్డం వచ్చేదాకా కొట్టారు. నేను వసారా స్తంభం వెనక నిలబడి చూశాను. ఆ మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ తర్వాత సెలవులు అయిపోయాయి. పెదనాన్నగారు 2009లో పోయారు. నేనింకా చెప్పలేదు.

గుండు లేకుండా పేలిస్తే ఏమవుతుందో నాకప్పుడు తెలియదు. ఈ తుపాకిలో గాలి నిలవ ఉండదు. గొట్టం మడిచినప్పుడు పిస్టన్ వెనక్కి వచ్చి స్ప్రింగు బిగుసుకుంటుంది. మీట నొక్కగానే స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు విసురుతుంది. ముందున్న గాలి రెప్పపాటులో నలిగి, సన్నటి రంధ్రంగుండా గుండు వెనక చేరి దాన్ని తోస్తుంది. గుండు కాస్త మొరాయించబట్టే ఆ గాలి పరుపులా పనిచేసి పిస్టన్‌ను ఆపుతుంది. గుండు లేకపోతే ఆ పరుపు లేదు. పిస్టన్ పోయి ఇనుముకు మోదుకుంటుంది. మధ్య నలిగేది పిస్టన్ ముఖాన మరతో బిగించిన తోలు వాషరు. గిన్నె ఆకారంలో, అంచులు ముందుకు తిరిగి ఉంటుంది. గాలి నలిగినప్పుడు ఆ అంచులు విచ్చుకుని సిలిండరు గోడను పట్టుకుంటాయి. సైకిలు పంపులోనూ, పాతరకం బోరింగులోనూ ఉండేది ఇదే సూత్రం. తోలు ఎండితే అంచులు విచ్చుకోవు. అంతే, ‘ఫుస్’.

విప్పడం అనుకున్నంత సులువు కాదు. వెనక దిమ్మను అజాగ్రత్తగా వదిలితే స్ప్రింగు మొహాన తగులుతుంది. చెక్క అడ్డం పెట్టి, బిగింపుతో నెమ్మదిగా వదులు చేశాను. ఈ మోడలు మీటలో మూడు చిన్న ఉక్కు గోళీలుంటాయి. రెండు నా ఒళ్ళో పడ్డాయి, మూడోది బీరువా కిందికి దొర్లింది. మా ఆవిడ చీపురుతో దాన్ని బయటికి తీసి, “యాభై ఏళ్ళొచ్చాక గోళీలాటలా!” అంది.

పిస్టన్ బయటికొచ్చింది. వాషరు అప్పడంలా ఎండి, పగుళ్ళు దేరి, గోటితో గీకితే పొడిపొడిగా రాలింది.

కొత్తది దొరకదు. మొదట సైకిలు పంపు వాషరు ప్రయత్నించాను. పలచన, కొలతా కుదరలేదు. దసరా తర్వాత మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వెళ్ళినప్పుడు, బెలూన్లు కొట్టించే కొట్టు దగ్గర ఆగాను. జనం సిరిమాను చూస్తుంటే నేను బెలూన్ల బల్ల చూస్తూ నిలబడ్డానని మా వాళ్ళు ఇప్పటికీ దెప్పుతారు. ఆ కొట్టాయన తుపాకులు రోజుకు కొన్ని వందలసార్లు పేలతాయి. ఆయనకు తెలియని జబ్బు ఉండదు. నా కథ విని నవ్వాడు. “తోలుకి నూనె తాగించాల బాబూ. అలాగని రంధ్రంలోకి పోసీకు. పొగొచ్చి, గుండు దూకుడుగా పోతాది, బాగయిపోయిందనుకుంటావు. లోన మాడిపోతాది.” ఆయన చెప్పింది నిజమే. గాలి నలిగిన వేడికి నూనె అంటుకుంటుంది, డీజిలు ఇంజనులో లాగే.

శ్రీకాకుళంలో చెప్పులు కుట్టే ఒక పెద్దాయన దగ్గర దళసరి తోలుముక్క కొన్నాను. లేతు మిషను దగ్గర ఒక ఇనుప కడియం, అందులో పట్టే దిమ్మ చేయించాను. తోలును గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి (మరిగే నీళ్ళయితే ముడుచుకుని కొయ్యబారుతుంది), కడియంలో పెట్టి, దిమ్మతో అదిమి, వైసులో రెండ్రోజులు ఆరనిచ్చాను. గిన్నె తయారయింది. మొదటిది లావై సిలిండరులో దూరలేదు. రెండోది దూరుతూ దూరుతూ, గొట్టం లంకె ఆడే గాడి అంచుకు కోసుకుపోయింది. ఆ అంచును ఆకురాయితో నున్నగా చేయాలన్న సంగతి తోలు పోయాక గాని తట్టలేదు. మూడోదాన్ని డ్రిల్లుకు బిగించి గరుకుకాగితంతో అరగదీసి, రాత్రంతా ఆముదంలో ఉంచాను. ఇంగ్లండులో పశువుల కాలిఎముకల నూనె వాడతారు. మనకు ఆముదం ఉంది, చెప్పులకు తరతరాలుగా పట్టిస్తున్నదే. పిస్టన్ దూర్చి, ముందు రంధ్రాన్ని బొటనవేలితో మూసి నొక్కితే, అది వేలిని తన్ని వెనక్కి వచ్చింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఎవరికి చెప్పినా అర్థం కాదు.

ఇదంతా ఒక ఎత్తు. పాత వాషరును మర తిప్పి తీసినప్పుడు దాని వెనక కనిపించింది మరొక ఎత్తు. రెండు అట్టముక్కలు, గుండ్రంగా, శ్రద్ధగా కత్తిరించినవి. నూనె పీల్చి నల్లబడ్డాయి. దీపం దగ్గర పెట్టి చూస్తే అచ్చు అక్షరాలు. పాతకాలపు రైలు టికెట్టు అట్ట అది. అరిగిన తోలు వెనక దన్ను పెట్టి అంచులు విచ్చుకునేలా చేయడం ఫిట్టర్లకు తెలిసిన ఉపాయమే. అంటే పెదనాన్నగారు దీన్ని ఒకసారి విప్పారు. ఎప్పుడు? 1985కు ముందే అయితే, వాషరు అప్పటికే పోయే దశలో ఉందని ఆయనకు తెలుసు, తెలిసే కొట్టారు. తర్వాత అయితే, నేను పాడుచేసినదాన్ని బాగుచేయాలని చూశారు, కుదరక వదిలేశారు. టికెట్టు మీద తేదీ ఒక చివర గుద్దుతారు. ఆ చివర కత్తిరింపులో పోయింది. ఎన్నిసార్లు తిప్పి చూశానో!

కార్తికంలో తుపాకి తీసుకుని ఊరికి వెళ్ళాను. అన్నయ్యకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఉద్దానంలో ఆ జబ్బు లేని వీధి లేదు. దానికి కారణం ఇదీ అని తేల్చిచెప్పినవాళ్ళు నేటికీ లేరు. పలాసలో 2023లో పెద్దాసుపత్రి తెరిచాక ప్రయాణం తగ్గిందిగాని, మనిషి తగ్గిపోయాడు. నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను వాయిదా వేయకుండా వెళ్ళడానికి కారణం అదే. ఆ మాట ఆయనతో అనలేదు.

నలభై ఏళ్ళ మాట చెప్పేశాను. పనసచెట్లు, ఖాళీ తుపాకి, స్తంభం, అన్నీ. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“నాకు గుర్తులేదురా,” అన్నాడు.

“తాటిమట్టతో, అన్నయ్యా. పెద్దమ్మ అడ్డం వచ్చింది.”

“అయ్యుంటాది. నాన్న కొట్టని రోజేదో సెప్పు, అది గుర్తుంటాది.” కాసేపాగి, “నువ్వు ఇన్నాళ్ళూ ఇదేటి మోసుకు తిరిగినావు?” అన్నాడు.

నాకు జవాబు లేకపోయింది. క్షమించమని అడుగుదామని వెళ్ళినవాడికి, క్షమించవలసిన మనిషి దగ్గర ఆ సంగతే లేదు. అట్టముక్కలు చూపించాను. వాటిని మాత్రం చాలాసేపు పట్టుకున్నాడు. “నాన్న కత్తెర ఇలాగే తిరుగుతాది,” అన్నాడు.

పెరట్లో పనసకొమ్మకు కొబ్బరిచిప్ప కట్టాను. చెరువుమీద కొంగల జోలికి పోకూడదని పెదనాన్నగారి కట్టడి. తేలినీలాపురంలో వలసపక్షులను ఊరే కాపాడుకుంటుందని ఆయన మెచ్చుకుంటూ ఉండేవారు. చట్టం మాట అటుంచి, ఆ తుపాకి మా ఇంట ఎప్పుడూ కొబ్బరిచిప్పలనే కొట్టింది. అన్నయ్య ఎడమచేతికి డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి ఉంది, దానితో బరువు ఎత్తకూడదు. గొట్టం నేను మడిచి, గుండు పెట్టి ఇచ్చాను. కట్టె దుంగమీద ఆనించి, కుడిచేత్తో మీట నొక్కాడు.

‘ఠప్’. చిప్ప గిరగిరా తిరిగింది. ఆముదం వాసన వేసింది.

“ఇంకోటెట్టు,” అన్నాడు.

డబ్బాలో ముప్పైకి పైగా గుళ్ళున్నాయి. పొద్దు వాలేదాకా నేను మడుస్తూనే ఉన్నాను.