కుడిపక్క స్పీకరు

మా నాయన నన్ను ఏదైనా అడిగిన సందర్భాలు చాలా తక్కువ. నాకు ఉద్యోగం వచ్చిన ఏడేళ్ళలో రెండుసార్లు. ఒకటి, బోరు మోటారు కాలిపోయినప్పుడు. రెండోది పోయినేడాది, ఫోన్లో, అదీ సిగ్గుపడుతూ. "పాపా, బండిలో పాటలు సరిగ్గా ఇనపడ్డం లేదు. మంచి సౌండ్ ఒకటి పెట్టిస్తావా?"

నాయనది పికప్ బండి. మదనపల్లె మండీలో టమేటా క్రేట్లు ఎత్తుకుని రాత్రిపూట బయల్దేరుతాడు. ఒకరోజు చెన్నై కోయంబేడుకు, ఇంకోరోజు బెంగళూరు కలాసిపాళ్యానికి. పదిహేడేళ్ళుగా ఇదే పని. ఏసీ లేని సింగిల్ క్యాబిన్. ఎండాకాలమైనా వానాకాలమైనా పక్క అద్దం దించుకునే నడుపుతాడు. డ్యాష్‌బోర్డులో అరచేతి వెడల్పు స్పీకర్లు రెండు, పెన్‌డ్రైవ్ పెట్టుకునే చిన్న ప్లేయరు ఒకటి. ఆ పెన్‌డ్రైవ్ నిండా మా ఊరి సెల్ షాపు అబ్బాయి ఎక్కించిచ్చిన ఘంటసాల, ఇళయరాజా.

నిద్ర ఆపుకోడానికి నాయన టీ కన్నా పాటల్నే ఎక్కువ నమ్ముకుంటాడు. ఒకసారి పలమనేరు దాటాక పెన్‌డ్రైవ్ ఆగిపోయిందట. మొగిలి ఘాటు దిగుతుండగా రెప్ప పడింది. ఎడమ చక్రం రోడ్డు పక్క కంకర మీదకి ఎక్కిన చప్పుడుకి మెలకువొచ్చింది. ఈ సంగతి నవ్వుతూ చెప్పాడు. మా అమ్మ నవ్వలేదు. అన్నం పెడుతున్న గరిటె గిన్నెలో వదిలేసి లోపలికి పోయింది.

అందుకే ఆయన సౌండ్ సిస్టమ్ అడిగితే నాకది సరదా ఖర్చు అనిపించలేదు. బ్రేకులు బాగుచేయించడం లాంటి పనే అనుకున్నాను. మూడు వారాలు రాత్రుళ్ళు కూర్చుని వీడియోలు చూశాను, ఒక నోట్‌బుక్ పెట్టుకుని రాసుకున్నాను. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. ఏ పనైనా లెక్కలతో మొదలుపెట్టకపోతే తోచదు.

స్టీరియో పెట్టె మీద '50 వాట్లు × 4' అని పెద్దక్షరాల్లో ఉంటుంది. నమ్మకూడదు. బండి 12 వోల్టుల కరెంటు మీద మామూలు స్టీరియో ఒక్కో స్పీకరుకు ఆగకుండా ఇవ్వగలిగేది 20 వాట్ల దగ్గరే. అంతకు మించి కావాలంటే యాంప్లిఫయర్ వేరేగా పెట్టాలి. ఇంకో సంగతి. వాట్లు రెట్టింపు చేసినా శబ్దం పెరిగేది 3 డెసిబెళ్ళు మాత్రమే. చెవికి రెట్టింపు వినపడ్డట్టు అనిపించాలంటే 10 డెసిబెళ్ళు పెరగాలి, అంటే వాట్లు పదింతలు కావాలి. ఆ లెక్క కింద రెండు గీతలు గీసి, 'యాంప్ తప్పనిసరి' అని రాసుకున్నాను.

నాయన కలాసిపాళ్యంలో లోడు దించే రోజు చూసుకుని ఆఫీసుకు సెలవు పెట్టాను. మార్కెట్‌కి పక్కనే జేసీ రోడ్డు. కార్ల సీటు కవర్లు, హారన్లు, స్పీకర్లు అమ్మే షాపులన్నీ అక్కడే. షాపులు తెరిచేదాకా నాయన బండిలోనే ఒక కునుకు తీశాడు. నేను ఎంచుకున్న షాపులో ఫిట్టింగ్ చేసేవాడికి ఇరవై నాలుగైదు ఏళ్ళుంటాయి. కోలార్ వైపువాడు. మాతో తెలుగులో, ఓనర్‌తో కన్నడలో, పక్క షాపువాళ్ళతో ఉర్దూలో మాట్లాడుతున్నాడు.

బండి చుట్టూ ఒకసారి తిరిగి, డోరు రేకు మీద వేలితో కొట్టి చూశాడు. డప్పులా మోగింది. "అక్కా, ముందు డోర్లకి డ్యాంపింగ్ షీట్లు వేయించండి. బయటి శబ్దం తగ్గితే సౌండ్ పెంచే పనే ఉండదు," అన్నాడు.

డ్యాంపింగ్ షీటంటే ఒకవైపు అల్యూమినియం రేకు, ఇంకోవైపు బంకలాంటి బ్యూటైల్ రబ్బరు. డోరు లోపలి రేకుకి అతికించి రోలర్‌తో రుద్దితే రేకు అదరడం తగ్గుతుంది. రెండు డోర్లకి 3,500 రూపాయలన్నాడు. నాకది అమ్మకం మాటలాగా అనిపించింది. వద్దు, ఆ డబ్బు యాంప్ మీద పెడదాం అన్నాను. వాడు వాదించలేదు.

పని చేస్తుంటే మాత్రం కళ్ళప్పగించి చూశాను. పాత ప్లేయరు ఊడదీస్తే వెనక వైర్ల ముద్ద. పసుపు వైరు ఎప్పుడూ కరెంటుండేది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. స్టీరియో కూర్చునే గుంటకి డిన్ అని జర్మనీ కొలత ఒకటుంది. వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50. కొత్తది అచ్చంగా అందులో కూర్చుంది. యాంప్ క్లీనర్ సీటు కింద పెట్టాడు. దానికి బ్యాటరీ నుంచి లావుపాటి వైరు నేరుగా లాగి, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు వేశాడు. ఎందుకంత దగ్గర అనడిగితే, ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే ఫ్యూజు దాకా ఉన్న ముక్క మాత్రమే కాలే ప్రమాదంలో ఉంటుంది, అందుకని ఆ ముక్క ఎంత చిన్నదైతే అంత మంచిది అన్నాడు. ఎర్త్ వైరు బిగించేచోట పెయింటు గీకి, మెరిసే రేకు కనపడ్డాకే బోల్టు వేశాడు. పాట సిగ్నల్ పోయే వైరుని కరెంటు వైరు పక్కన పోనివ్వలేదు, ఇంకో వైపు నుంచి తెచ్చాడు. రెండూ పక్కపక్కన పోతే ఇంజను రేసు చేసినప్పుడల్లా పాటలో ఈల వినపడుతుందట.

డోర్లలో ఆరున్నర అంగుళాల స్పీకర్లు, అద్దం మూలల్లో రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దవి రెండు ట్వీటర్లు. పాటలో బరువైన శబ్దాలు పెద్ద స్పీకరుకు, సన్నవి ట్వీటరుకు పోతాయి. నేను కొన్న జతలో ఆ హద్దు 3,500 హెర్ట్‌జ్. తాళాలు, గజ్జెలు, వయొలిన్ మీద కమాను గీసే ఒరిపిడి, పాటగాడు ఊపిరి తీసుకునే చప్పుడు, ఇవన్నీ ఎక్కువగా ట్వీటరు పాడే పాట.

సాయంత్రం నాలుగుకి అయిపోయింది. నాయన తువ్వాలుతో సీటు దులుపుకుని ఎక్కాడు. నేను ఎప్పట్లా ఎడమ సీట్లో. ఇళయరాజా పాట ఒకటి మొదలైంది. నాకైతే ఒళ్ళు జలదరించింది. ఆ పాటలో అన్ని వాయిద్యాలున్నాయని నాకు తెలియనే తెలియదు.

నాయన కాసేపు విని, తల కుడివైపు తిప్పి చూశాడు. "బో బాగుండాది గానీ, ఈ పక్క చిన్నది పాడలేదే?"

కుర్రాడు వచ్చి ట్వీటరు దగ్గర చెవి పెట్టాడు. "పాడుతోంది నాయనా."

"యాడ పాడతా ఉండాది?"

అనుమానం తీరాలని వాడు కుడి ట్వీటరు తీసి ఎడమకి, ఎడమది కుడికి మార్చాడు. లోపం స్పీకర్లో ఉంటే దానితోపాటు మారాలి. మారలేదు. ఇప్పుడూ కుడిదే పాడడం లేదన్నాడు నాయన. చివరికి వాడు శబ్దమంతా కుడివైపుకి తిప్పి, కుడి డోరులో పెద్ద స్పీకరు వైరు పీకేశాడు. ఇక బండిలో ఆ ఒక్క ట్వీటరే మోగుతోంది. నాకు తాళాలు వినపడుతున్నాయి. సన్నగా, స్పష్టంగా, వంటింట్లో చెంచాలు కడుగుతున్నట్టు.

నాయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. "ఏసినారా పాట?"

కుర్రాడు నావైపు చూశాడు. వెంటనే వైరు తగిలించేసి, శబ్దం మధ్యకి తెచ్చి, నాతో మెల్లగా అన్నాడు. "స్పీకర్ బాగుందక్కా." అంతకు మించి ఒక్క మాట అనలేదు.

నేను టెస్టింగ్ చేసి బతికేదాన్ని. ఒక్కొక్క భాగాన్నీ విడదీసి లోపం ఎక్కడుందో పట్టుకోవడం నా వృత్తి. ఆ కుర్రాడు చేసింది అచ్చంగా అదే. లోపం పట్టుబడింది కూడా. ఇరవై ఎనిమిదేళ్ళు ఆయన కూతురిగా ఉండి నేను పట్టుకోలేనిది.

ఎందుకు పట్టుకోలేదో ఆ రాత్రి పడుకున్నాక తట్టింది. చిన్నప్పట్నుంచీ సెలవుల్లో నాయనతో బండిలో తిరిగేదాన్ని. మా కబుర్లన్నీ బండిలోనే. మన బండ్లలో స్టీరింగు కుడివైపు ఉంటుంది కాబట్టి నేనెప్పుడూ ఆయనకి ఎడమ పక్క కూర్చున్నాను, ఎప్పుడూ ఎడమ చెవిలోనే మాట్లాడాను. ఫోనూ ఆయన ఎడమ చెవికే పెట్టుకుంటాడు. ఇంట్లో ఏ పక్కనుంచి పడితే ఆ పక్కనుంచి మాట్లాడింది మా అమ్మ ఒక్కతే. "మీ నాయనకి నా మాటంటే లెక్కలేదు" అని అమ్మ ఏళ్ళ తరబడి అంటుంటే, వాళ్ళిద్దరి మధ్య ఎప్పుడూ ఉండేదే అనుకున్నాను. రెండు మూడుసార్లు నాయన తరఫున వాదించాను కూడా.

మర్నాడు చెవి పరీక్షకి రానన్నాడు. గాలికి అట్లే ఉంటాది, రెండ్రోజులకి పోతాది అన్నాడు. తర్వాత కోపమొచ్చింది. "సౌండ్ పెట్టించమంటే చెవులు చూపిస్తాననేదేంది?" ఆ కోపం వెనక ఏముందో మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర చెప్పాడు. వచ్చే ఏడాది లైసెన్సు రెన్యువల్. నలభై దాటినవాళ్ళు డాక్టరు సర్టిఫికెట్ పెట్టాలి. మామూలు శబ్దాలు వినపడనంత చెవుడు ఉందా అని ఆ కాగితంలో ఒక ప్రశ్న ఉంటుంది. అంటే ఆయనకి ముందే తెలుసు.

"హారన్ ఇనపడ్తాది పాపా. ఏ పక్కనుంచి వస్తా ఉండాదో తెలీదు. అద్దంలో చూసుకుంటా."

కోయంబేడు దాకా, రాత్రిపూట, అద్దంలో చూసుకుంటూ. నాకు టీ గొంతు దిగలేదు.

పరీక్ష చేసినావిడ గ్రాఫు గీసి చూపించింది. ఎడమ చెవి వయసుకి తగ్గట్టు కాస్త తగ్గింది. కుడి చెవి గీత 4,000 హెర్ట్‌జ్ దగ్గర గుంటలో పడ్డట్టు దిగింది. ఏళ్ళ తరబడి చప్పుడులో పనిచేసేవాళ్ళకి మొదట దెబ్బతినేది ఆ చుట్టుపక్కలేనట. కిటికీ పక్క చెవి గదా అందావిడ. గాలి, ఎదురొచ్చే లారీలు, హారన్లు, అన్నీ ముందు తగిలేది దానికే. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి అంది. మాటల్లో అచ్చులు కింది శబ్దాలు, స, శ, త లాంటి హల్లుల గరుకు పై శబ్దాలు. పైవి పోతే మాట వినపడుతుంది, ఏమన్నారో తెలియదు. అమ్మ మాట లెక్కచేయకపోవడమంటే ఇదన్నమాట.

ఆవిడ ఇంకో లెక్క చెప్పింది. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ పెట్టిన హద్దు ప్రకారం 85 డెసిబెళ్ళ శబ్దంలో రోజుకి 8 గంటలకు మించి ఉండకూడదు. ఆ పైన పెరిగే ప్రతి 3 డెసిబెళ్ళకీ ఆ గంటలు సగమైపోతాయి. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేవి 3 డెసిబెళ్ళని నా నోట్‌బుక్‌లో ఉంది. అదే 3. పాట కోసం వాడే వాట్లు రెట్టింపు అయినప్పుడల్లా నాయన చెవికి మిగిలే గంటలు సగమవుతాయి. గాలి చప్పుడుని మించి పాట వినపడాలని నేను కూడబెట్టిందంతా ఆయన మంచి చెవి మీదకే పోయేది.

నాలుగు రోజులకి నాయన మళ్ళీ కలాసిపాళ్యం లోడు మీద వచ్చినప్పుడు ఇద్దరం జేసీ రోడ్డుకి వెళ్ళాం. కుర్రాడు ఏమీ అడగలేదు. డోర్లకీ, పైకప్పుకీ, కాళ్ళ దగ్గరా డ్యాంపింగ్ షీట్లు వేశాడు. అరిగిపోయిన డోరు రబ్బర్లు మార్చాడు. వాల్యూమ్ 40 దాకా ఉంటే 18 దగ్గర ఆగిపోయేలా సెట్ చేశాడు. పని అయ్యాక డోరు రేకు మీద వేలితో కొట్టి చూపించాడు. ఈసారి డప్పు మోగలేదు. చెక్క మీద కొట్టినట్టు 'టక్' మంది. రాత్రిపూట చల్లగానే ఉంటుంది కాబట్టి కుడి అద్దం ఎత్తేసి ఎడమది దించుకో నాయనా అన్నాడు. అంత చిన్న ఉపాయం మాకెవరికీ తోచలేదు.

ఆ సాయంత్రం నేనూ ఊరికి బండిలోనే వెళ్ళాను. హోస్కోటె దాటాక పాట పెట్టాడు, 12 దగ్గర. చింతామణి వచ్చేసరికి తనే ఆపేశాడు. "నువ్వుండావు గదా, మాట్లాడు" అన్నాడు.

వినికిడి మిషన్ కొన్నాం. ఇంట్లో పెట్టుకుంటాడు. బండెక్కితే తీసి చొక్కా జేబులో వేసుకుంటాడు. గాలి దాంట్లోకి దూరి హోరుమంటుందట, నిజమే. చెన్నై లోడ్లు మానుకోమన్నాను. తగ్గించాడు, మానలేదు. లైసెన్సు రెన్యువల్‌కి ఇంకా నాలుగు నెలలుంది. ఆ ప్రశ్న దగ్గర డాక్టరుకి ఏదీ దాచొద్దని నేను, అప్పుడు ఇల్లెట్లా గడుస్తుందని ఆయన. రెండూ న్యాయమైన మాటలే. ఇంకా తెమల్లేదు.

నిన్న రాత్రి బయల్దేరే ముందు ఫోన్ చేశాడు. పాటలెట్లా ఉన్నాయని అడిగాను.

"బాగుండాయి. పాపా, కుడిపక్క చిన్నది పాడతా ఉంటాది గదా?"

"పాడుతుంది నాయనా."

"అయితే సరే," అన్నాడు.