మాగ్నెట్ జరిగింది

తెలుగులో "జరుగు" అనే క్రియకు రెండర్థాలు. సంభవించడం ఒకటి, ఉన్న తావునుండి పక్కకు కదలడం మరొకటి. బడిలో పాఠం చెప్పే రోజుల్లో నానార్థాలకు ఉదాహరణలు వెతుక్కునేవాణ్ణి గాని, ఇంత చక్కనిది ఎన్నడూ దొరకలేదు. గత మాఘమాసంలో తెనాలిలో స్పీకర్లు బాగుచేసే మెకానిక్కును "ఏం జరిగిందయ్యా?" అని అడిగితే, "మాగ్నెట్టే జరిగిందండీ, మాష్టారూ" అన్నాడు.

విషయమిది. నా పూర్వవిద్యార్థి ఒకడు పెళ్ళిళ్ళకు సౌండుసెట్లు అద్దెకిస్తాడు. అతని పెద్ద సబ్‌వూఫర్ ఒకటి, పెళ్ళిలో పాట మొదలు కాగానే గరగరలాడింది. ఆ రాత్రి మిక్సరు దగ్గర కూర్చున్న కుర్రవాడు శబ్దం మితిమీరి పెంచి కాయిల్ కాల్చివేశాడని యజమాని తీర్మానం. నష్టం అతని జీతంలోంచి తెగవలసిందేనన్నాడు. రెండు నెలల జీతం! కుర్రవాడు మా ఇంటికి వచ్చి ఏమీ అడగలేదు, అరుగు పక్కన నిలబడ్డాడంతే. ఇద్దరినీ వెంటబెట్టుకొని మెకానిక్కు దగ్గరకు వెళ్ళాను.

స్పీకరులో మోటారంటే గిర్రున తిరిగేది కాదు. విద్యుత్తును చలనంగా మారుస్తుంది గనుక ఆ పేరు. 1925లో రైస్, కెల్లాగ్ అనే అమెరికన్ ఇంజనీర్లు ప్రకటించిన నమూనాయే నేటి స్పీకర్లకూ మూలం. కింది పళ్ళెం నడుమ నుంచి లేచిన ఇనుపస్తంభం, దాని చుట్టూ పైపళ్ళెపు రంధ్రం, ఆ రెంటి మధ్య సన్నని సందు. ఆ సందులో తీగచుట్ట దేనికీ తగలకుండా ఆడాలి. ఇటూ అటూ మిగిలే ఎడం మిల్లీమీటరులో కొద్ది భాగమే.

పళ్ళేల నడుమ ఉండే అయస్కాంతం తరచుగా ఫెర్రైటు. అది పింగాణీ జాతి పదార్థం, పెళుసు. మరలు బిగించడానికి అనువు కాదు గనుక జిగురుతో అతికిస్తారు. కిలోల బరువు, ఆధారమేమో జిగురు! పెట్టె కిందపడితే ఆ అతుకు విడిపోవచ్చు. ఏళ్ళ తరబడి వేడికి జిగురు సత్తువ తగ్గి ఉంటే బండి కుదుపైనా చాలు. విచిత్రమేమంటే, అతుకు విడినా అయస్కాంతం ఊడిపడదు. తన ఆకర్షణతోనే పళ్ళేన్ని కరచుకొని పక్కకు జారుతుంది. స్తంభం కేంద్రం తప్పాక, సందు సన్నబడిన వైపు ఆకర్షణ హెచ్చి మరింత లాగుతుంది. ఇక తీగచుట్ట ఒరుసుకుంటుంది, లేదా బిగుసుకుపోతుంది.

మెకానిక్కు మొదట కోన్‌ను రెండు చేతుల వేళ్ళతో చుట్టూ సమానంగా నొక్కాడు. ఒకవైపే నొక్కితే మంచి స్పీకరు కూడా రాసుకుంటుందట. ఇది బరబరమని కొంత దిగి ఆగిపోయింది. కాలిన కాయిల్ కూడా ఉబ్బి ఇలాగే రాసుకోవచ్చు గనుక అప్పుడే ఏమీ అనలేనన్నాడు. ఆ నిదానం నాకు నచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకొని చూశాడు, మాడు వాసన లేదు. మీటరు పెడితే నాలుగు ఓముల కాయిల్ మూడున్నర చూపింది, అది సరైన అంకెేనట. కాయిల్ తెగితే మీటరు ఏ అంకే చూపదు, చుట్లు కలిసిపోతే అంకె బాగా పడిపోతుంది.

అప్పుడు అయస్కాంతానికున్న రబ్బరు తొడుగు ఊడదీశాడు. పళ్ళెం మీద ఒకవైపు నెలవంకలా పాత జిగురు బయటపడి ఉంది. ఎదుటివైపు అయస్కాంతపు అంచు పొడుచుకువచ్చింది. పెట్టె తెప్పించి చూస్తే, అయస్కాంతం జరిగిన వైపు మూలే చితికి ఉంది. పడినప్పుడు పెట్టె నేల తగిలి ఆగుతుంది, బరువైన అయస్కాంతం అదే ఊపులో ఇంకా ముందుకు పోతుంది. పాట ఎంత పెంచినా పెట్టె మూల చితకదు కదా!

యజమాని కొంతసేపు మాట్లాడలేదు. ఆ రోజు వ్యాను నడిపింది తానేనని, వెనుక తాడు కట్టలేదని తరువాత తనంతట తానే చెప్పాడు. తిరిగి కేంద్రంలో నిలిపి అతికించడానికి అయ్యే ఖర్చు విని, కొత్తదే కొంటానన్నాడు.

జీతం ఆ సాయంత్రమే పూర్తిగా ఇచ్చాడు. కుర్రవాడు మాత్రం మరుసటి వారం వేరే సెట్టులో చేరాడు.