పాలేటి వంతెన మీద గేటు

విజయవాడలో హైదరాబాదు బస్సెక్కినవారికి నందిగామ దాటేసరికి సాధారణంగా కునుకు పడుతుంది. వారిని తప్పుపట్టలేం. డెల్టా పచ్చదనం చూసి వచ్చిన కళ్ళకు మా మెట్టసీమలో యేముంది గనక? పత్తి, మిరప, కంది, మధ్యమధ్య రాళ్ళూ రప్పలూ. కాని ఆ కునుకులో వారు దాటిపోయే నేల, రాజ్యాలు కలవడమూ విడిపోవడమూ పదే పదే చూసిన నేల సుమండీ!

కంచికచర్లకు ముందే పరిటాల తగులుతుంది. యిప్పుడు దాన్ని 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహాన్ని బట్టి గుర్తుపడుతున్నారు. ఒకప్పుడు చుట్టూరా ఇంగ్లీషువారి కృష్ణాజిల్లా, నడుమ నైజాంవారి పరిటాల, పళ్ళెంలో గిన్నె పెట్టినట్టు వుండేది. 1947లో, హైదరాబాదు సంస్థానం ఇండియాలో చేరకముందే, ఆ కొద్ది వూళ్ళవారూ నిజాముతో తమకు చెల్లు అని చెప్పి 'పరిటాల రిపబ్లిక్కు' ప్రకటించుకున్నారు. నాలుగు పల్లెల దేశమా అని నవ్వేవారు నవ్వవచ్చు. ఆనాడు ఆ పని చేసినవారికి మాత్రం అది నవ్వులాట కాదు.

అక్కణ్ణుంచి కీసర దగ్గర మునేరు, తరువాత నందిగామ, ఆపైన జగ్గయ్యపేట. పూర్వపు బేతవోలు పక్కన వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు తండ్రి పేర కట్టించిన పేట యిది. 1882లో బర్జెస్ దొర తవ్వించిన బౌద్ధస్తూపం యీ వూరిదే. అయితే పేటకు పేట అన్న పేరు సార్థకమైంది సరిహద్దు వల్ల. అవతలి గట్టున నిజాము రాజ్యం. నూరు రూపాయల సరుకు లోపలికి పోతే అయిదు రూపాయల సుంకం. నాణెం కూడా వేరే. అక్కడి హాలీసిక్కా రూపాయలు ఏడిస్తే ఇక్కడివి ఆరు వచ్చేవి. ఆ లెక్క నోటికి రానివాడు వ్యాపారానికి పనికిరాడు. 1948లో సంస్థానం విలీనమైనా, హాలీసిక్కా చెలామణీ పూర్తిగా పోయింది 1959లోనే.

తెలుగు పాఠం చెప్పుకొనేవాణ్ణి గనక నా చూపు మాటల మీదికి పోతుంది. మన 'పొలిమేర' వూరికి సరిపోయింది. రాజ్యానికి పారసీవారి 'సరిహద్దు' కావలసివచ్చింది. నిజాముగారి సుంకాల శాఖ 'కరోడ్‌గిరి'. తరువాత 'చెక్‌పోస్టు'. దారికి అడ్డంగా పడేది అదే దుంగ; వచ్చిన ప్రతి ప్రభుత్వమూ దానికొక నామకరణం చేసింది.

ఇంగ్లండుకు నైరుతి కొసన కార్న్‌వాల్ అనే సీమ వుంది. అక్కడి కార్నిష్ భాష పద్దెనిమిదో శతాబ్దం చివరికి జనం నోళ్ళలోంచి జారిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో కొందరు పట్టుబట్టి మళ్ళీ నేర్చుకోసాగారు. 2016 జూన్ 23న ఐరోపా యూనియన్‌లో వుందామా మానుదామా అని ఓట్లడిగితే, ఆ యూనియన్ సొమ్ము దండిగా అందుకున్న కార్న్‌వాల్‌లోనే నూటికి 56 మందికి పైగా మానుదామన్నారు. 2020 జనవరి 31న బ్రిటన్ బయటికి వచ్చేసింది. పాపం, యీ తగువును కార్నిష్‌లో చెప్పుకోవాలంటే నేర్చుకొనేవారు సుంకానికీ సరిహద్దుకూ మాటలు పనిగట్టుకొని నేర్చుకోవాలి. మనకా బాధ లేదు. ఆ మాటలు మన దగ్గరికి లారీ యెక్కి వచ్చి దిగాయి.

జగ్గయ్యపేట దాటితే గరికపాడు, ఆ వెంటనే పాలేరు. వంతెనకు అవతల కోదాడ వైపు రామాపురం. 1956 నవంబరు 1న యీ గట్లు రెండూ ఒకే రాష్ట్రమయ్యాయి. 2014 జూన్ 2న మళ్ళీ రెండయ్యాయి. మరుసటి ఏప్రిల్ నుంచి ఆంధ్రా బస్సులకూ లారీలకూ తెలంగాణలో ప్రవేశపన్ను. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి అమ్మకం పన్నుల తనిఖీ పోయింది. ఇక గేటు గొడవ తీరిందనుకున్నాం.

2020 మార్చిలో హైదరాబాదు హాస్టళ్ళు మూసేస్తే, ఇంటికి బయలుదేరిన పిల్లలు యీ గరికపాడు దగ్గరే గంటలకొద్దీ రోడ్డున నిలబడ్డారు. 2021 మే నెలలో సంగతి యింకా ఘోరం. ఆసుపత్రిలో మంచం దొరికినట్టు కాగితం లేదని, రోగులున్న అంబులెన్సులను అవతలివైపు పోలీసులు ఆపారు. తెలంగాణ హైకోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. సరుకుకు సుంకం కట్టి దాటవచ్చు. ఊపిరాడని మనిషి యేం కట్టి దాటాలి?

మొన్న వేసవిలో వంతెన యివతల తాటిముంజలు అమ్ముతున్న ముసలావిడ కనబడింది. పెద్దకూతుర్ని కోదాడ పక్క పల్లెలో యిచ్చిందట.

"కరోనాలో మూడు నెలలు బిడ్డ మొహం చూళ్ళేదు బాబూ. ఒకనాడు అది ఆ చివర, నేనీ చివర నిలబడి చేతులూపుకున్నాం. నా మందుబిళ్ళలు పోలీసాయన తెచ్చిచ్చాడు."

"అవ్వా, ఆ అడ్డాన్ని మీరేమంటారు?" అన్నాను, నా రోగం నాది గనక.

"గేటు! మా అత్త కూడా గేటనే అనేది" అంది, ముంజ ఒలుస్తూ.

ఇంతలో కోదాడ ఆటో వచ్చి ఆగింది. ఆవిడ తట్ట ఒళ్ళో పెట్టుకొని యెక్కి కూర్చుంది. మిగిలిన ముంజలు రామాపురంలో అమ్ముకుంటుందట.