నోటు తిరగరాసిన లెక్క

పదో తరగతి లెక్కల పుస్తకంలో ఒక బావి ఉంది. మొదటి మీటరు తవ్వడానికి 150 రూపాయలు, ఆపైన ప్రతి మీటరుకూ 50 రూపాయలు ఎక్కువ. ఖర్చులు అంకశ్రేఢిలో ఉన్నాయా అని ప్రశ్న. మా వట్లూరు పిల్లలు ఠక్కున అవునంటారు. కానీ బావి తవ్వుతుంటే చూసినవాళ్ళు తరగతిలో ఉండరు. వాళ్ళు చూసింది బోరు. బోరుకు అడుగుకింత అని రేటు, కొంత లోతు దాటాక రేటు మారుతుంది, మళ్ళీ కొంత దూరం అదే రేటు. మెట్లుమెట్లుగా పెరిగే లెక్క అది. "మరి ఇది అంకశ్రేఢేనా?" అని అడిగితే తరగతి నిశ్శబ్దమైపోతుంది. నా పాఠం అక్కడ మొదలుపెడతాను.

లెక్కల మాస్టారుగా నేను గమనించింది ఒకటే. సూత్రం దగ్గర తడబడే పిల్లలు తక్కువ. లెక్కను మాటల్లో ఇచ్చినప్పుడు, అందులో ఏది మారకుండా ఉందో పట్టుకోవడం దగ్గరే చాలామంది ఆగిపోతారు. ప్రతిసారీ అంతే కలుస్తుంటే అంకశ్రేఢి. ప్రతిసారీ అన్ని రెట్లు అవుతుంటే గుణశ్రేఢి. రెండూ కాకపోవడం కూడా ఒక జవాబే. మూడు పదాలు రాసి చూడకుండా సూత్రం ముట్టుకోవద్దంటాను.

ఇందుకు నాకు బాగా పనికొచ్చింది ప్రోనోటు. పది వేలు అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు 200. బాకీ 10,000, 10,200, 10,400 అని సాగుతుంది. బారువడ్డీ కాబట్టి అంకశ్రేఢి. మూడేళ్ళు నిండేసరికి ఎంత? ఇక్కడ సగం మంది 36వ పదం కనుక్కుంటారు, 17,000 వస్తుంది. అప్పు తీసుకున్న రోజే మొదటి పదం కాబట్టి, 36 నెలలు గడిచాక మనం నిలబడేది 37వ పదం మీద. బాకీ 17,200. అప్పిచ్చినవాడు ఈ పొరపాటు ఎన్నడూ చేయడని నేనంటే పిల్లలు నవ్వుతారు.

అసలు సంగతి దాని తర్వాత ఉంది. ప్రోనోటుకు మూడేళ్ళకు కాలదోషం పడుతుంది. అందుకని గడువు దాటకముందే నోటు తిరగరాయించుకుంటారు. అప్పుడు వడ్డీ అసలులో కలిసిపోయి, కొత్త నోటు 17,200కు లేస్తుంది. ఇంకో మూడేళ్ళకు 29,584. ఆపై మూడేళ్ళకు 50,884. ప్రతి తిరగరాతకూ 1.72 రెట్లు. నోటు లోపల అంకశ్రేఢి, నోటుకూ నోటుకూ మధ్య గుణశ్రేఢి! ఒక అమ్మాయి లేచి, "అయితే మాస్టారూ, వడ్డీ రేటు పెరగకుండానే అప్పు పెరిగిపోతుందా అండి?" అంది. అదేనమ్మా లెక్క అన్నాను. తిరగరాయకుండా ఉంటే తొమ్మిదేళ్ళకు బాకీ 31,600. తేడా 19,284 రూపాయలు. గడువు దాటకముందే ఎంతో కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే గడువు ఆ రోజు నుంచి మళ్ళీ మొదలవుతుంది, అసలు మాత్రం పది వేలుగానే ఉంటుంది. ఇది లెక్కల పాఠమా, లోకజ్ఞానమా అని ఎవరైనా అడిగితే నాకు ఆ గీత కనిపించదు.

గుణశ్రేఢి మన భాషకు కొత్తది కాదు. మహావీరాచార్యుడి గణితాన్ని తెనిగించిన పావులూరి మల్లన పేరిట, చదరంగపు 64 గళ్ళలో ఒకటి, రెండు, నాలుగని రెట్టింపు చేస్తూ పోతే వచ్చే మొత్తాన్ని చెప్పే పద్యం ఉంది. ఇరవై అంకెల సంఖ్య అది. పిల్లలకు సరదాగా ఉంటుంది, అంతే. ఇంటికి వెళ్ళి బీరువాలో నోటు వెతికించేది మాత్రం ప్రోనోటు లెక్కే.

అయితే గుణశ్రేఢి రుచి మరిగిన పిల్లలకు ప్రతిదీ గుణశ్రేఢిలాగే కనిపిస్తుంది. దానికి విరుగుడు మా ఊరికి దగ్గర్లోని కొల్లేరు. సముద్రమట్టానికి మూడడుగుల ఎత్తున, అంటే మూడో కాంటూరు దాకా నీరుంటే సరస్సు విస్తీర్ణం 135 చదరపు కిలోమీటర్లు. ఐదో కాంటూరుకు 308. ఏడుకు 675. ఐదో కాంటూరు సంగతి మా పిల్లలకు నేను చెప్పక్కర్లేదు. 1999లో అభయారణ్యం ప్రకటించింది అక్కడిదాకానే, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టింది దాని లోపలే. సరే, భాగించి చూడమంటాను. 2.28, 2.19. దాదాపు ఒకే నిష్పత్తి, గుణశ్రేఢే అని కేకలు. అయితే తొమ్మిదో కాంటూరుకు ఎంత? సుమారు 1,480 అని లెక్క కట్టేస్తారు. పదో కాంటూరు దగ్గరే సరస్సు 901 చదరపు కిలోమీటర్లని అప్పుడు చెబుతాను. కొల్లేరు అడుగున నేల పళ్ళెంలా పరుచుకుని ఉంటుంది, అందుకే రెండడుగుల నీటికి అంత మేర మునుగుతుంది. పైకి పోయేకొద్దీ నేల లేస్తుంది, నీరు మునుపటంత పరుచుకోదు. మూడు పదాలకు కుదిరిన నియమం నాలుగో పదం దగ్గర చెల్లలేదు. మాటల లెక్కలో కష్టమైన భాగం అదే: నియమం ఎక్కడిదాకా నడుస్తుందో తెలుసుకోవడం. దాన్ని పరీక్షలో అడగరు.

2024-25లో మన ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాక గుణశ్రేఢి పాఠం పోయింది, అంకశ్రేఢి మిగిలింది. బావి లెక్క పక్కనే ఇంకోటుంది: 10,000 రూపాయలు, 8 శాతం చక్రవడ్డీ, ఏటేటా ఖాతాలోని సొమ్ము అంకశ్రేఢిలో ఉందా? కాదని రాస్తే మార్కు వస్తుంది. మరేమిటని పుస్తకం అడగదు. గుణశ్రేఢిని తీసేయడం నా దృష్టిలో పొరపాటు నిర్ణయం. చక్రవడ్డీ కట్టే ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలకు ఆ 'కాదు' ఒక్కటీ చాలదు. సాటి మాస్టార్లు ఆ లెక్క దగ్గర ఒక పీరియడు ఆగి, నోటు తిరగరాసే లెక్క చేయించండి.