జవాబు లేని ప్రశ్న

బీటెక్ ఆఖరి ఏడాది ప్రాజెక్టంటే మనకి అమీర్‌పేటలో దొరికే రెడీమేడ్ సరుకు. కోడు, రిపోర్టు, వైవాలో చెప్పాల్సిన జవాబులతో సహా ఇచ్చేస్తారు. మా బ్యాచ్‌లో మూడు టీములకి ఒకటే ప్రాజెక్టు. అడిగిన నాథుడు లేడు.

అమెరికాలో ఎమ్‌ఐటీ వాళ్ళకి 1969లోనే మార్గరెట్ మెక్‌వికార్ 'యూరాప్' (ఖండం కాదు లెండి, పథకం పేరు) మొదలెట్టారు. డిగ్రీ పిల్లలు ప్రొఫెసర్ల ల్యాబుల్లో అసలు పరిశోధనే చెయ్యొచ్చు, క్రెడిట్లకో జీతానికో.

మన దగ్గరా బొత్తిగా లేకపోలేదు. సైన్స్ అకాడెమీలు వేసవిలో రెండు నెలల ఫెలోషిప్పులిస్తాయి. అలా వెళ్ళొచ్చిన మా జూనియర్ ఒకడు, "ప్రయోగం ఫెయిలైందన్నా, ఎందుకో మా సార్‌కి కూడా తెలీదట!" అని ఎంత సంబరంగా చెప్పాడో. వాడి మీద కుళ్ళు పుట్టింది నాకు. నాలుగేళ్ళలో గైడుకి జవాబు తెలియని ప్రశ్న నాకొక్కటీ తగల్లేదు మరి.